మోటారుకు జలుబు చేసిన రోజు

ఫోను మోగగానే నేత్ర ఉలిక్కిపడింది. ఫోను చేతిలోంచి జారబోయింది.

మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని ఆమె కప్పల వీడియో చూస్తోంది. ఒక పచ్చ కప్ప నాలుక చాచి పురుగును పట్టుకోబోతోంది. సరిగ్గా అప్పుడే కప్ప మాయమై, తెర మీద ఒక నంబరు వచ్చింది. ఆ నంబరు ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. అది తాత నంబరు.

నేత్ర పిట్టగోడ మీంచి కిందికి తొంగి చూసింది. వాకిట్లో మంచం మీద ఆంజనేయప్ప తాత ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు.

'ఇంత దగ్గర ఉండి తాత నాకెందుకు ఫోను చేస్తాండాడు?' అనుకుంది. మరుక్షణం అర్థమైంది. తాత ఫోను చేస్తున్నది ఆమెకు కాదు, మోటారుకు!

మోటారుకు ఫోను చేయడమేమిటని నవ్వకండి. కర్ణాటకలోని బాగేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో అది రోజూ జరిగే పనే. బోరు దగ్గరి స్టార్టర్ పెట్టెలో ఒక సిమ్ ఉంటుంది. ఇంట్లో కూర్చుని ఆ నంబరుకు ఫోను చేస్తే ఒక ఆడగొంతు కన్నడంలో పలుకుతుంది. కరెంటు ఉందో లేదో చెబుతుంది. ఒకటి నొక్కితే మోటారు తిరుగుతుంది. రెండు నొక్కితే ఆగుతుంది.

ఆ సిమ్ ఇప్పుడు స్టార్టర్ పెట్టెలో లేదు. నేత్ర చేతిలోని ఫోనులో ఉంది.

ఆ ఫోను ఆశా అత్తది. పాతబడిందని, పాఠాలు చూసుకోమని నేత్రకు ఇచ్చింది. అందులో సిమ్ వేయలేదు. అయితే పోయిన వారం తాతతో కలిసి నేత్ర రీచార్జి అంగడికి వెళ్లింది. అంగడాయన, "ఈ ప్యాక్‌లో రోజూ డేటా కూడా వస్తాదప్పా. మీ మోటారుకు వద్దన్నా వస్తాది" అన్నాడు. తాత నవ్వాడు. నేత్ర నవ్వలేదు. రోజూ అంత డేటా దండగ! మోటారు ఏమైనా వీడియోలు చూస్తుందా?

అందుకే ఈ ఆదివారం పొద్దున, కరెంటు లేనప్పుడు, తోటకు వెళ్లి పెట్టె తెరిచి సిమ్ తీసుకొచ్చింది. నిన్ననే టమాటా నారు నాటి నీళ్లు పెట్టారు కదా, ఈ రోజు మోటారుకు సెలవే అనుకుంది. సాయంత్రం మళ్లీ పెట్టేస్తాలే అనుకుంది. సాయంత్రం పెట్టేస్తాలే అని తీసిన వస్తువుల కథలన్నీ ఇలాగే మొదలవుతాయి.

ఫోను మోగి మోగి ఆగిపోయింది.

"ఏందబ్బా, ఎత్తలేదే!" అంటూ తాత మళ్లీ నొక్కాడు.

ఈసారి కూడా ఎత్తకపోతే తాత తోటకు బయలుదేరతాడు. అసలే మోకాలి నొప్పి. పైగా తన సంగతి బయటపడిపోతుంది. నేత్ర బడిలో టీచర్ల గొంతులన్నీ దించేస్తుంది. ఆ ధైర్యంతో ముక్కు పట్టుకుని, పచ్చ బటన్ నొక్కింది.

"కరెంట్ ఇదె. మోటార్ ఆన్ మాడలు ఒందు ఒత్తి" అంది మెల్లగా. కరెంటు ఉంది, మోటారు ఆన్ చేయడానికి ఒకటి నొక్కండి అని.

కీ మని చప్పుడు వచ్చింది. తాత ఒకటి నొక్కాడు.

"మోటార్ ఆన్ ఆగిదె. ధన్యవాదగళు." మోటారు ఆన్ అయిందని చెప్పేసింది.

అప్పుడే తాత దగ్గాడు. ఆ దగ్గు కింది నుంచి నేత్రకు వినిపించింది. ఆ తర్వాత అదే దగ్గు ఫోనులో మళ్లీ వినిపించింది. కొంచెం ఆలస్యంగా! నేత్రకు ఆశ్చర్యమేసింది. కళ్లెదుట ఉన్న తాత దగ్గు ఫోనులో వెనకబడిందేమిటి? ఇంతలో అది ఎక్కడికి వెళ్లొచ్చింది?

"ఆశా! మోటారు ఆన్ అయిందమ్మా!" అని తాత ఇంట్లోకి కేకేశాడు. "ఏమో, ఆ యమ్మకు ఈ పొద్దు జలుబు చేసినట్లుండాది!"

ఆశా అత్త బెంగళూరులో ఫోన్ల నెట్‌వర్క్ చూసే ఆఫీసులో ఇంజనీరు. సెలవుకు వచ్చింది. అమ్మ, నాన్న పెళ్లికని చింతామణికి వెళ్లడంతో ఆ పూట వంట అత్తదే. రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ.

"మిషన్‌కు జలుబేంది నాయనా?" అని అన్నం దగ్గర అత్త నవ్వింది.

"నవ్వొద్దమ్మా. మోకాలు పట్టేసినప్పటి నుంచి ఆ యమ్మే నాకు కాళ్లు. ముందు కరెంటు వచ్చిందో లేదో చూసేదానికే తోటకాడికి తిరిగి తిరిగి చచ్చేవాణ్ణి. ఇప్పుడు మంచం మీద కూర్చోని అడిగితే చాలు. ఉంటే ఉండాదంటాది, లేకుంటే లేదంటాది. ఒక్కనాడన్నా అబద్ధం చెప్పిందా?"

సంగటిని ఎవరూ నమలరు, మింగుతారు. నేత్రకు ఆ పూట అది మింగుడు పడలేదు.

"తాతా, ఈ పొద్దు నీళ్లు లేకపోతే నారు ఏమైతాది?" అని మెల్లగా అడిగింది.

"ఈ ఎండకా? తల వాల్చేస్తాది. వేరు ఇంకా పట్టలేదు కదా పాపా. ఈ తడి తప్పితే చచ్చిపోతాది. మూడింటికి కరెంటు పోతాది, అంతలోపల తడిసిపోతాదిలే."

నేత్ర చెయ్యి కడుక్కుని మిద్దె ఎక్కింది. పరుగెత్తుకెళ్లి సిమ్ పెట్టేద్దామా? కానీ ఈపాటికి పెట్టెలోకి కరెంటు వచ్చి ఉంటుంది. అంత ధైర్యం ఆమెకు లేదు. తాతకు చెబుదామా? అంతకన్నా లేదు. ఎండ మాత్రం చిటపటలాడుతోంది. కప్ప పురుగును పట్టిందో లేదో చూడాలని కూడా అనిపించలేదు.

ఫోను మళ్లీ మోగింది.

తాతకు అది అలవాటు. మోటారు ఆన్ చేశాక మధ్యలో ఒకసారి ఆడుతోందో లేదో కనుక్కుంటాడు. నేత్ర పచ్చ బటన్ నొక్కి ముక్కు పట్టుకుంది.

"ఏమ్మా, మోటారు ఆడతాండాదా?" అన్నాడు తాత. మిషన్ బదులు చెప్పదని తెలిసినా అలా పలకరించడం ఆయనకు ఇష్టం.

నేత్ర ముక్కు వదిలేసింది.

"తాతా... నేను. నేత్రను."

కింద తాత ఫోనును చెవి నుంచి తీసి ఎగాదిగా చూసి మళ్లీ పెట్టుకున్నాడు. "నేత్రా? యాడుండావు? తోటలోనా?"

"మిద్దె మీద ఉండాను తాతా. మోటారు సిమ్ నాకాడ ఉండాది. పొద్దున నేనే తీసినాను. ఇందాక మాట్లాడింది ఆ యమ్మ కాదు, నేనే. మోటారు ఆన్ కాలేదు తాతా."

ఎదురుగా నిలబడి ఉంటే ఇన్ని మాటలు చెప్పగలిగేది కాదు. తాత తలెత్తి చూశాడు. ఇద్దరి చెవుల దగ్గరా ఫోన్లు అలాగే ఉన్నాయి. నేత్ర తిట్లకోసం ఎదురుచూసింది.

"కరెంటు పెట్టెలో చెయ్యి పెట్టినావా?"

ఆ మాట కింది నుంచి ఒకసారి, ఫోనులోంచి ఒకసారి వచ్చింది. రెండుసార్లూ తాత గొంతు వణికింది.

"అప్పుడు కరెంటు లేదు తాతా."

"నువ్వు చెయ్యి పెట్టినప్పుడే వచ్చింటే?"

అంతే. నారు గురించి తాత ఒక్క మాట అనలేదు. అది చూసి నేత్రకు ఏడుపు ఆగలేదు.

ఆశా అత్త సంగతి విని స్కూటర్ తీసింది. ముగ్గురూ ఇరుక్కుని కూర్చుని తోటకు వెళ్లారు. నిన్న నిటారుగా నిలబడిన నారు అటూ ఇటూ వాలిపోయి ఉంది. తాత గట్టు మీద కూర్చుండిపోయాడు.

"నువ్వు ఆడే నిలబడు, ఇట్ల రావద్దు" అని అత్త నేత్రను దూరంగా ఆపింది. మెయిన్ స్విచ్ దించి, టెస్టర్ పెట్టి చూసి, అప్పుడు సిమ్ పెట్టింది. స్విచ్ ఎత్తింది. కాసేపటికి పెట్టెలో చిన్న దీపం మిణుకుమంది. తాత ఫోను చేశాడు. అసలైన ఆ యమ్మ, జలుబేమీ లేకుండా, మోటారు ఆన్ అయిందని చెప్పింది. డ్రిప్పు పైపులు బుసబుసమన్నాయి.

ముందు వరసలు తడిశాయి. అంతలో మోటారు ఆగిపోయింది. వచ్చేటప్పుడు ఏనాడూ టైము చూడని కరెంటు, పోయేటప్పుడు మాత్రం కచ్చితంగా మూడింటికి పోయింది. కంచె వైపు వరసలకు చుక్క నీరు చేరలేదు.

ఎండలో తాత ముఖం వాడిపోయింది. అత్త ఆయనను ఇంటి దగ్గర దింపి వచ్చేసరికి నేత్ర బోరు పక్క తొట్టిలో నిల్వ ఉన్న నీళ్లు బిందెతో ముంచుకుని, మొక్కకో చెంబు చొప్పున పోస్తోంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. అత్త కూడా చీర కుచ్చెళ్లు ఎగదోపి ఇంకో బిందె అందుకుంది.

కొన్ని వరసలయ్యాక నేత్ర అడిగింది. "అత్తా, తాత ఒకసారే దగ్గినాడు. నాకు రెండుసార్లు వినపడింది."

"వినపడకుండా ఎట్లుంటాది? ఒక దగ్గు నేరుగా మిద్దె మీదికి వచ్చింది. ఇంకోటి బెంగళూరుకు పోయి వచ్చింది."

"బెంగళూరుకా! వాకిలి నుంచి మిద్దె మీదికి వచ్చేదానికా?"

"అవును. తాత ఫోను ఆ దగ్గును అంకెలుగా మార్చి గాలిలోకి వదుల్తాది. అదో, హైవే పక్కన టవర్ చూడు. అది పట్టుకుంటాది. ఆణ్ణుంచి భూమి లోపల గాజు తీగ ఉండాది, వెంట్రుకంత సన్నం. దాంట్లో వెలుతురుగా పరిగెత్తి మా పెద్ద కంప్యూటర్ల కాడికి వస్తాది. అవి 'ఈ నంబరు సిమ్ ఇప్పుడు యాడుండాది?' అని చూసుకుంటాయి."

"వాటికెట్ల తెలుసు?"

"ఆన్‌లో ఉండే ప్రతి ఫోనూ 'నేను ఈ పక్క ఉండాను' అని టవర్‌కు చెప్తానే ఉంటాది, మనం మాట్లాడకపోయినా. కంప్యూటర్‌కు మోటారూ తెలీదు, నువ్వూ తెలీదు. సిమ్ ఒకటే గుర్తు. సిమ్ యాడుంటే పిలుపు ఆడికే."

నేత్ర చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మరి నా కప్పల వీడియో?"

"అదీ అదే దారి. మార్కెట్‌కు మనం టమాటాలు ఎట్ల పంపిస్తాం? బాక్సుల్లో నింపి, ఒక్కోదాని మీద మీ నాయన గుర్తు వేసి. ఏ లారీలో పోయినా ఆడ మన బాక్సులన్నీ ఒకచోట చేరుస్తారు కదా? మాటనూ వీడియోనూ కూడా అట్లనే చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కోదాని మీద ఎవరికి పోవాలో రాసి పంపిస్తారు. వీడియోలో ఒక ముక్క తప్పిపోతే మళ్లీ పంపమని అడుగుతాది. మాటకు అంత టైము లేదు. పోయింది పోయిందని ముందుకు పోతాది. అందుకే ఒక్కోసారి గొంతు తెగి తెగి వినపడేది."

"ఇదంతా తాత దగ్గేలోపలా?"

"రెప్ప వేసేలోపల."

నేత్ర టవర్ వైపు చూసింది. రోజూ బడి బస్సులోంచి కనబడేదే. ఇన్నాళ్లూ అది కాకులు గూళ్లు పెట్టే ఇనుప కమ్మీలనుకుంది. ఎవరి దగ్గులు, ఎవరి నవ్వులు, ఎన్ని ఊళ్ల మోటార్లు, ఎన్ని కప్పలు ఇప్పుడు దాని మీదుగా పోతున్నాయో! ఒకదానికొకటి గుద్దుకోకుండా, ఒకరి మాట ఇంకొకరి చెవిలో పడకుండా. ఇంత గొప్ప పని చేస్తూ అది ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

"అత్తా, నేను ఆ యమ్మ మాదిరి మాట్లాడిందీ అట్లనే పోయిందా? బెంగళూరు దాకా?"

"పోయింది. దానికేం తెలుసు? నువ్వు ఏమిస్తే దాన్ని భద్రంగా తీసుకుపోయి తాత చెవిలో వేస్తాది."

నేత్ర బిందె నింపుకోవడానికి తొట్టి దగ్గరికి వెళ్లింది.

పొద్దు వాలేసరికి నీళ్లు పోసిన మొక్కలు మెల్లగా తలలెత్తసాగాయి. కంచె పక్క వరస మాత్రం లేవలేదు. ఆకులు ముట్టుకుంటే గరగరమన్నాయి. నేత్ర ఆ వరసకు రెండోసారి నీళ్లు పోసి చూసింది. ప్రయోజనం లేదు.

గట్టు మీద జేబురుమాలు పరిచి పెట్టిన అత్త ఫోను మోగింది. అత్త చేతుల నిండా బురద. "తాత చేస్తాండాడు. నువ్వే మాట్లాడు" అంది.

"ఎట్లుండాయి పాపా? లేచినాయా?" తాత గొంతులో ఆత్రం.

అన్నీ లేచాయని చెప్పడం చాలా సులభం. తాత ఇప్పుడు ఇంత దూరం వచ్చి చూడలేడు. ఆ మాట వింటే సంతోషంగా భోంచేస్తాడు కూడా. నేత్ర కంచె పక్క వరస వైపు ఇంకోసారి చూసింది.

"చానా వరకు లేచినాయి తాతా. కంచె పక్క వరస లేవలేదు. రెండుసార్లు పోసినాను. ఎండిపోయింది. నావల్లే."

అటు నుంచి చప్పుడు లేదు. ఆ మాట బెంగళూరు పోయి రావడానికి ఇంతసేపు పట్టదని నేత్రకు ఇప్పుడు తెలుసు. ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని ఎదురుచూసింది.

"సరేలే" అన్నాడు తాత చివరికి. "నారు కొంచెం మిగిలుండాది. పొద్దున బడికి పోయే ముందు నాటుదాం. నా మోకాలు వంగదు. నువ్వే నాటాల."

"నాటతాను తాతా."

నేత్ర ఫోను అత్త జేబురుమాలు మీద పెట్టింది. ఎండిన మొక్కలను ఒక్కొక్కటిగా పీకి, రేపటి కోసం ఆ గుంతల్లో నీళ్లు పోయసాగింది.