తాలీము పెట్టె

సంచిలో రెండు నేత చీరలు, ఒక తువ్వాలు, బీపీ మాత్రలు, ముక్కు దగ్గర విరిగితే తీగ చుట్టుకున్న కళ్ళజోడు పెట్టాక, చందనమ్మ కాసేపు ఆలోచించి ఒక చిన్న డబ్బాలో మాగాయ కూడా సర్దింది. జైలు కూడు చప్పగా ఉంటుందని విన్నది. పెడితే తింటుంది. చప్పగా మాత్రం తినదు.

“మీరు సంచి సర్దుకోవాల్సిన అవసరం లేదండీ, చందనమ్మ గారూ,” అంది గూట్లో ఉన్న పెట్టె. “ఈ రోజుల్లో ఎవరూ కోర్టుకు వెళ్ళడం లేదు. వేలిముద్ర వేస్తే చాలు, వాహనమే ఇంటికి వస్తుంది.”

“శవాన్ని మోసే బండీ ఇంటికే వత్తాది. వచ్చింది గదాని ఎక్కేత్తామేటే?”

పెట్టె నొచ్చుకోలేదు. దానికి ఆ గుణం పెట్టలేదు.

అది రెండు వేల ఎనభై నాలుగు. ఎవరి మీదైనా క్రిమినల్ కేసు పడితే, సమన్లతో పాటు ఇడ్లీ పాత్రంత పెట్టె ఒకటి ఇంటికి వస్తుంది. కాగితాల మీద దాని పేరు ‘న్యాయ పూర్వాభ్యాసిని’. జనం మాత్రం తాలీము పెట్టె, అంటే సాధన పెట్టె, అంటారు. దానిలోని కృత్రిమ మేధ నలభై ఏళ్ళ తీర్పులన్నీ చదువుకుంది. దానితో వచ్చే పట్టీని నుదుటికి కట్టుకుంటే, అది కంటి నరానికీ చెవి నరానికీ సన్నని సంకేతాలు పంపుతుంది. అంతే, మన ఇంటి అరుగు మీద కూర్చునే మనం బోనులో నిలబడి ఉంటాం. ఎదురుగా జడ్జి, పక్కన ప్రాసిక్యూటరు, వెనక బెంచీల మీద జనం దగ్గు. కోర్టు మెట్లు ఎరగని మామూలు మనిషి ముందే ఒకసారి వెళ్ళొచ్చినట్టుండాలని, మొదటిరోజు నోరు పెగలక నిలబడిపోకూడదని దాన్ని కనిపెట్టారు.

సిమ్యులేషన్ చివర్లో తీర్పు వస్తుంది. తీర్పు కింద ‘ఒప్పుదల పత్రం’ వస్తుంది. అక్కడే వేలిముద్ర వేస్తే, పెట్టె చూపించిన శిక్షలో సగమే పడుతుంది. కోర్టూ ఉండదు, వాయిదాలూ ఉండవు.

చందనమ్మ ఒకప్పుడు కొత్తమొగ లాకు దగ్గర లస్కరు. కాలువ తలుపులు ఎత్తడం, దించడం ఆమె పని. తర్వాత ఆ పని ‘జలమేధ’ అనే ప్రోగ్రాముకు అప్పగించి ఆమెను ఇంటికి పంపేశారు. పోయిన సెప్టెంబరు వరదలో జలమేధ తలుపులు ఎత్తలేదు. అవతల ఒక కంపెనీ రొయ్యల చెరువులున్నాయి. ఇవతల పల్లపు కాలనీ ఉంది. లెక్క వేసుకుని, నీళ్ళను కాలనీ వైపే ఉంచింది. మధ్యాహ్నం మూడింటికి కాలనీలో నీళ్ళు మంచాల ఎత్తుకు వచ్చాయి. అరవయ్యేడేళ్ళ చందనమ్మ అటక మీది ఇనప హ్యాండిలు దింపి, భుజాన వేసుకుని వెళ్ళి, గంటన్నర సేపు చేత్తో చక్రం తిప్పింది. కాలనీ తేలింది. చెరువులు మునిగాయి. ప్రభుత్వ యంత్రాంగంలో అనధికార జోక్యం, ఆస్తినష్టం అని కేసు పెట్టారు.

మూడుసార్లు నుదుటికి పట్టీ కట్టుకుంది. మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పింది.

“తలుపు ఎవరి అనుమతితో ఎత్తారు?” అన్నాడు పెట్టెలోని ప్రాసిక్యూటరు.

“నీళ్ళు వచ్చి అడిగితే ఎత్తానండి.”

“మళ్ళీ వరద వస్తే?”

“మళ్ళీ ఎత్తుతాను. నాకు ఓపిక లేకపోతే మిమ్మల్ని కూడా ఓ చెయ్యెయ్యమంటాను.”

వెనక బెంచీలు నవ్వాయి. జడ్జి నవ్వలేదు. ‘పశ్చాత్తాపం లేదు, ఆరేళ్ళు’ అన్నాడు. రెండోసారి చేతులు జోడించి బతిమాలింది. నటిస్తోందని ఆరున్నర వేశాడు. మూడోసారి నోరు మెదపలేదు. ఏడేళ్ళు.

“ఒసే, మాటాడినా నేరవేఁ, మాటాడకపోయినా నేరవేఁనా?”

“మొదటి అభ్యాసం ప్రకారం మీకు మూడేళ్ళతో సరిపోయే అవకాశం ఇంకొక గంట మాత్రమే ఉందండీ.”

ఈ మాటే ఏడేళ్ళ కిందట ఇంకో పెట్టె చందనమ్మ చెల్లెలు సాహితితో అంది. సాహితి ఆరోగ్య కేంద్రంలో నర్సు. సర్వరు ఒప్పుకోకముందే ఒక పసిబిడ్డకు ఆక్సిజన్ పెట్టింది. బిడ్డ బతికింది, కేసు మిగిలింది. పెట్టె ఎనిమిదేళ్ళు చూపించింది. “వెళ్ళి చేసేదేముందే అక్కా, చూసేశాం గదా,” అని సాహితి నాలుగేళ్ళకు వేలిముద్ర వేసింది. ఆ రోజు చందనమ్మే దగ్గరుండి చెయ్యి పట్టుకుంది. చెల్లెలి వేలు వణుకుతుంటే ముద్ర సరిగ్గా పడదని ఆ వేలిని తనే నొక్కి పట్టింది. ఖైదీల చేత ఉప్పు తీయించే ఉప్పుమడుల శిబిరం బండి వస్తే తనే తలుపు తీసింది. అందుకే ఈసారి వేలిముద్ర వెయ్యదలుచుకోలేదు.

భయం లేక కాదు. పొద్దున్నుంచి మూడుసార్లు మాత్ర వేసుకున్నానా లేదా అని చూసుకుంది. అయినా పెట్టెను తువ్వాల్లో చుట్టి సంచిలో కుక్కింది.

“నన్నెందుకండీ?” అంది పెట్టె, గుడ్డలోంచి.

“నువ్వూ పద. కోర్టు ఎలాగుంటాదో చూద్దువుగాని.”

పంటు మీద గోదావరి దాటి, బస్సెక్కి, పదిన్నరకు కోర్టు చేరింది. వరండాలో బంట్రోతు మోషే ఇడ్లీ తింటున్నాడు.

“ఎవరు కావాలండి?”

“ఎవరూ వద్దు. నేను ముద్దాయిని.”

మోషే చెయ్యి నోటి దగ్గరే ఆగింది. “అంటే... మనిషే వచ్చేశారా?”

“కాదు, నా నీడొచ్చింది. ముందు ఇడ్లీ తిను నాయనా, గొంతుకడ్డం పడగలదు.”

అతను తినలేదు. లోపలికి పరుగెత్తాడు. బోనులో పేర్చిన విరిగిన కుర్చీలు తీయడానికి పావుగంట పట్టింది. ప్రాసిక్యూటరును ఇంటి నుంచి పిలిపించారు. జడ్జి రుక్సానాకు ముప్పయ్యైదేళ్ళుంటాయి. కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చి కూర్చుని, బోను వైపు కొంచెం బెదురుగా చూసింది. ఆరేళ్ళ సర్వీసులో ఆమె ఒప్పుదల పత్రాల మీద సంతకాలు పెట్టిందే కానీ, బోనులో మనిషిని చూడటం అదే మొదలు.

“తలుపు మీరే ఎత్తారామ్మా?”

“నేనే అండి. మళ్ళీ వరదొస్తే మళ్ళీ ఎత్తుతాను. అది ముందే చెప్పేత్తున్నాను, తర్వాత చెప్పలేదనకండి.”

“ఆ సమయానికి కాలనీలో ఎంతమంది ఉన్నారు?”

చందనమ్మ తెల్లబోయింది. పెట్టెలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. “రెండొందల పదకొండు మందండి. చంకబిడ్డల్ని లెక్కెయ్యలేదు.”

రుక్సానా ప్రాసిక్యూటరు వైపు చూసింది. ఆయన కాగితాలు అటూ ఇటూ తిరగేసి, తన దగ్గరా అదే సంఖ్య ఉందన్నాడు. ప్రాణాలు కాపాడటం కోసం దురుద్దేశం లేకుండా చేసిన నష్టం నేరం కాదని చట్టంలోనే ఉందనీ, దాన్ని కాదనలేననీ అన్నాడు. మొత్తం పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

“కేసు కొట్టేస్తున్నాను. మీరు వెళ్ళొచ్చు.”

చందనమ్మకు సంతోషం రాలేదు. సంచిలోంచి పెట్టెను తీసి బోను అంచు మీద పెట్టింది. “మరి ఇది ఆరేళ్ళందేటండి?”

జడ్జికీ అదే సందేహం వచ్చింది. పెట్టెను కనిపెట్టిన డాక్టర్ ఇందుకూరి ప్రణవి ఇంకా బతికే ఉన్నారు. ఎనభై ఏళ్ళు. కబురు చేస్తే, కాసేపటికి గోడ తెర మీద నెరిసిన తల, దాని వెనక ఉతికి ఆరేసిన బట్టలు కనిపించాయి.

“ఆరేళ్ళు చూపించిందా? అలా చూపించాలనే కదమ్మా తయారు చేశాను,” అన్నారావిడ. “మా నాన్న వాలీబాల్ కోచ్. ప్రాక్టీసులో నెట్టు అరడుగు ఎక్కువ ఎత్తులో కట్టించేవాడు. ఆ ఎత్తు మీద నుంచి కొట్టడం అలవాటైతే, మ్యాచ్ రోజున అసలు నెట్టు నడుం దాకా దిగినట్టుంటుంది. నేను పెట్టెలో జడ్జిని అలాగే కాలిబ్రేట్ చేశాను. ఏం చెప్పినా శిక్షే వేస్తాడు. అది తట్టుకున్నవాళ్ళకి అసలు జడ్జి దగ్గర ధైర్యం వస్తుందని. అది తాలీమమ్మా. తీర్పు కాదు.”

“ఆ ముక్క మాకెవరు చెప్పారండి?”

“ప్రతిసారీ మొదట అదే చెబుతుందిగా!”

రుక్సానా పెట్టెను ఆన్ చేసింది. మెత్తని గొంతు పలికింది: “ఇది అభ్యాసం మాత్రమే. ఇందులోని న్యాయమూర్తి అసలు న్యాయమూర్తి కన్నా కఠినంగా ఉంటారు. ఇక్కడి తీర్పును నమ్మవద్దు.”

చందనమ్మ ఆ మాటలు మూడుసార్లు విన్నది. చెల్లెలి పక్కన కూర్చుని ఏడేళ్ళ కిందటా విన్నది. బస్టాండులో వచ్చే పోయే బస్సుల పేర్లు విన్నట్టు విన్నది. చివర్లో ఎన్నేళ్ళంటుందో అన్న ఒక్క దాని కోసమే చెవులు రిక్కించుకుని కూర్చుంది.

“ఆ ఒప్పుదల పత్రం నేను పెట్టింది కాదు,” అన్నారు ప్రణవి. “కేసులు త్వరగా తెమలాలని తర్వాత ఎవరో చేర్చారు. నాకు పెద్దగా బెంగ అనిపించలేదు. ఎవరో ఒకరు కోర్టుకు వెళ్ళి చూస్తారు, వచ్చి నలుగురికీ చెబుతారు అనుకున్నాను. పన్నెండేళ్ళయింది కదా... ఒక్కరూ వెళ్ళలేదా?”

ప్రాసిక్యూటరు కిటికీ వైపు తిరిగాడు.

“ఎవరూ రాకపోతే, తప్పు చేసినవాళ్ళే కదా, అందుకే రావడం లేదనుకున్నాను,” అంది రుక్సానా. అది జడ్జి గొంతులా లేదు. “చందనమ్మ గారూ, మీరు వెళ్ళండి. నేను పైకోర్టుకు రాస్తాను.”

“వెళ్ళనండి.”

“కేసు అయిపోయిందమ్మా.”

“నాది అయ్యింది. మిగతావాళ్ళవి పిలవండి. మీరు రాత్తారు, వాళ్ళు చదువుతారు, కమిటీ వేత్తారు. ఈలోగా నేనూ పోతాను. నన్ను ఇక్కణ్ణించి దింపాలంటే ఇంకో కేసు పెట్టాలి. పెట్టండి. దానికీ నేనే వత్తాను. పెట్టెను మాత్రం పంపకండి.”

మోషే తల వంచుకుని నవ్వు దాచుకున్నాడు. రుక్సానా రిజిస్టరు తెరిచింది. తను సంతకం పెట్టిన ఒప్పుదలలనూ, అంతకు ముందువాటినీ తిరగతోడే అధికారం ఈ కోర్టుకు ఉంది. నిబంధన ఒక్కటే, ముద్దాయిని పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. తెరను ఉప్పుమడుల శిబిరానికి కలిపారు. అక్కడ కెమెరా ముందు ఎండ, తెల్లని నేల.

మోషే వరండాలోకి వెళ్ళి గొంతు సవరించుకున్నాడు. పన్నెండేళ్ళుగా వాడని గొంతు మొదట బొంగురుగా వచ్చింది, తర్వాత వీధి చివరి దాకా వినపడింది. ఒక్కో పేరుకూ తెర మీదికి ఒక్కో మనిషి వచ్చి, చేత్తో కళ్ళకు నీడ పట్టుకుని, “ఉన్నానండి,” అన్నారు. మధ్యాహ్నానికి పదకొండు మంది అలా పలికారు.

పన్నెండో పేరు సాహితి. చదివే ముందు జడ్జి ఆగి, రిజిస్టరులో పేరు ఎదుటి గడిని చూసి, చందనమ్మ వైపు తలెత్తింది.

“అందులో ఏముందో నాకూ తెలుసండి,” అంది చందనమ్మ, బోను కర్రను రెండు చేతులా పట్టుకుని. “నిబంధన నిబంధనే. పిలిపించండి.”

మోషే మూడుసార్లు పిలిచాడు.

సాహితి రాలేదు. ఆమె శిబిరంలో వడదెబ్బ తగిలి రెండు వేల డెబ్బై తొమ్మిది మే ఇరవై మూడో తేదీన చనిపోయింది.