వెనక ఇరుసు మూలుగు

ఒకే గ్లాసులో రెండు టూత్ బ్రష్షులు ఒకదానిమీద ఒకటి వాలి ఉండటం చూస్తే కొత్త కోడలికి ఇంకా నవ్వొస్తుంది. పెళ్ళయి నాలుగు నెలలైనా ఆ ముచ్చట తీరలేదు. ఆ ఉదయం కూడా తనలో తను నవ్వుకుంటూ మొహం కడుక్కుని హాల్లోకి వచ్చింది. వచ్చి, అక్కడే ఆగిపోయింది.

హాలు మధ్యలో నీలం రంగు పెట్టె నోరు తెరుచుకుని ఉంది. అత్తగారు అందులో బట్టలు సర్దుతున్నారు. సర్దడం కూడా కాదు, కుక్కుతున్నారు. నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఉన్న చెల్లెలింటికి వెళ్తానని ఆవిడ నిన్న చెప్పినప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కానీ ఇప్పుడు బట్టల అడుగున ఉన్ని స్వెట్టరు కనిపించింది. బయట పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. చలికాలం రావడానికి ఇంకా ఆరు నెలలున్నాయి.

"ఎన్ని రోజులకి అత్తయ్యా?"

"చూద్దాంలేమ్మా."

"మరి స్వెట్టరెందుకు?"

ఆవిడ స్వెట్టరును ఇంకాస్త లోపలికి తోశారు. "పెట్టెలో చోటుంది, పెట్టాను. నువ్వు టీ తాగావా లేదా?"

అంతలో పెరటి గుమ్మంలోకి మామగారు వచ్చారు. ముప్పై అయిదేళ్ళు పాత కార్ల గ్యారేజీ నడిపిన మనిషి. గ్యారేజీ మూసేసినా ఇంటి వెనక షెడ్డూ, షెడ్డులో నేలను తవ్వి కట్టిన గొయ్యీ, ఆ గోతి మీద నిలబడే పాత కారూ మిగిలాయి. ఆ కారు వయసు ఆయన కొడుకు వయసు కంటే ఎక్కువ. అత్తగారు దాన్ని పేరు పెట్టి పిలవరు. "నా సవతి" అంటారు.

"రెండు మైళ్ళు తిప్పుకొచ్చా. డిఫరెన్షియల్ ఆయిల్ వేడెక్కింది, ఇప్పుడు విప్పితే జారుగా దిగిపోతుంది" అని గాల్లోకి ప్రకటించి ఆయన వెనక్కి తిరిగారు.

"ఏమండీ, టీ ఇక్కడ తాగుతారా, షెడ్డుకి పంపనా?" అని అత్తగారు అడిగారు.

ఆయన ఆగలేదు. వెళ్ళిపోతూనే ఉన్నారు.

గదిలోంచి కొడుకు బొంగురు గొంతుతో అరిచాడు. "నాన్నా, టీ!"

"ఆఁ, షెడ్డుకి పంపరా!"

అత్తగారు కోడలి వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. అందుకే కోడలికి భయమేసింది.

"చూశావుగా. కొడుకు పిలిస్తే పలుకుతారు. నేను పిలిస్తే గోడ. ఈ రెండేళ్ళలో ఈ ఇంట్లో నేను మాట్లాడింది ఎక్కువగా గిన్నెలతోనే."

"అమ్మా, ఆయనెప్పుడూ అంతేగా" అంటూ కొడుకు చేతికి గడియారం పెట్టుకుంటూ బయటికొచ్చాడు.

"ఎప్పుడూ అంతే కాదు. నువ్వు కళ్ళజోళ్ళ షాపులో కూర్చుని ఊరందరి కళ్ళూ పరీక్ష చేస్తావు. ఇంట్లో ఏం జరుగుతోందో నీకు కనపడదు." ఆవిడ పెట్టె మూత వేసి దాని మీద మోకాలు ఆనించారు. "మీ పిన్ని దగ్గర గది ఖాళీగా ఉంది. పలకరించడానికి మనిషి ఉంది. నేనింకేం చెప్పను."

కోడలు టీ కప్పు పట్టుకుని షెడ్డు వైపు నడిచింది, మధ్యలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

అత్తగారి ప్రయాణానికి నిన్నటి గొడవ తోడైంది. కారు వేగం అందుకుంటే వెనక నుంచి సన్నగా మూలుగు వస్తోందని కొడుకు అన్నాడు. రావట్లేదని తండ్రి అన్నారు. "నీకు నా బండి అంటే గిట్టదు, అందుకే రోగాలు అంటగడతావు" అని ఆయన, "అమ్మని ఎక్కించుకుని నాలుగు గంటలు పోవాలి, మధ్యలో ఆగిపోతే మోసుకొస్తారా?" అని ఇతను. చివరికి ఆయన "సరే, ఆయిల్ మార్చేస్తా, అప్పుడైనా నీ నోరు మూతపడుతుందేమో" అని లేచిపోయారు.

కారు కింద గోతిలో బల్బు వెలుగుతోంది. కోడలు వంగి చూసింది. మామగారు తలెత్తి నవ్వారు. ఆ నవ్వు ఆమెకు ఇంకా కొత్తే. కాపురానికొచ్చిన మొదటి వారంలో ఆమె ఏం అడిగినా ఆయన బదులిచ్చేవారు కాదు. ఆమె చేసేది లైబ్రరీలో ఉద్యోగం. గొంతు ఎప్పుడూ పుస్తకాలను నిద్రలేపకూడదన్నట్టు ఉంటుంది. "మీ నాన్నగారికి నేను నచ్చలేదు" అని భర్త దగ్గర ఏడిస్తే, "స్పార్కు ప్లగ్గులు లేని మనుషులు ఆయనకి అర్థం కారులే" అని అతను నవ్వించాడు.

"టీ అక్కడ పెట్టి, ఆ పెద్ద పానా అందివ్వమ్మా" అన్నారు మామగారు. "ఇదిగో, ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా ఉందే, ఇదే డిఫరెన్షియల్. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ తిరగాలి, బయటి చక్రం ఎక్కువ తిరగాలి. ఆ సర్దుబాటంతా ఇది చేస్తుంది."

కారుకి వెనక గుమ్మడికాయ ఉంటుందన్న సంగతికి కోడలు ఇంకొకప్పుడైతే రోజంతా మురిసిపోయేది.

"దీనికి రెండు నట్లు. ముందు పైది విప్పాలి. తెలివితక్కువవాడు కింది నట్టు విప్పి ఉన్న ఆయిలంతా వదిలేస్తాడు. తర్వాత పై నట్టు బిగుసుకుపోయి రాదు. పాతది పోయింది, కొత్తది పొయ్యడానికి దారి లేదు. బండి గోతి మీదే కూర్చుంటుంది." పానా మీద బరువు వేసి ఒక్క గుంజు గుంజారు. పై నట్టు కిర్రుమంది. తర్వాత కింది నట్టు. నల్లటి ఆయిల్ తాడులా బేసిన్లోకి దిగింది. కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంది. కోడలు ముక్కు మూసుకుంది.

ఆయన ఇరుసు వైపు తిరిగి నట్టుకు అంటిన ఇనప రజను గుడ్డతో తుడుస్తున్నారు. అప్పుడే అత్తగారు వచ్చారు.

ఆవిడ కోడలిని చూడలేదు, లేదా చూసినా లెక్కచెయ్యలేదు. గోతి అంచున, ఆయన వీపుకు పైన నిలబడ్డారు. చేతిలో బీరువా తాళాలు ఉన్నాయి.

"ఏమండీ." తాళాలు ముందుకు చాచారు. "నేను వెళ్ళేది నాలుగు రోజులకి కాదు. మీకు తెలుసు. ముప్పై మూడేళ్ళు కలిసి బతికాం, నామీద విసుగు పుడితే పుట్టిందని చెప్పండి. లేదంటే ఒక్క మాట, 'వెళ్ళకు' అనండి. ఆ ఒక్క మాటకి పెట్టె విప్పేస్తాను."

ఆయన నట్టును వెలుగులో తిప్పి చూసుకున్నారు. నోటితో ఊదారు. మళ్ళీ తుడిచారు.

అత్తగారు ఇంకాసేపు నిలబడ్డారు. తర్వాత కళ్ళు తుడుచుకోకుండానే గబగబా వెళ్ళిపోయారు.

కోడలి ఒళ్ళంతా మండిపోయింది. ఇంత రాతి మనిషా! ఆ మాటే అనేద్దామని గోతి మీదకు వంగింది. సరిగ్గా అప్పుడు ఆయన తలెత్తి, గుమ్మం వైపు నీడ కదిలిన చోటు చూస్తూ అడిగారు. "ఎవరో వచ్చి వెళ్ళినట్టుందే?"

ఆయన మళ్ళీ ఇరుసు వైపు తిరిగారు. ఆమె మామూలు గొంతుతో అంది.

"మామయ్యా, మీ భుజం మీద బల్లి పడింది."

ఆయన కదలలేదు.

"మామయ్యా, పెద్ద బల్లి. కాలరు లోపలికి పోతోంది!"

ఆయన తీరిగ్గా కింది నట్టు బిగిస్తున్నారు.

ఆమె చెప్పులు విడిచి, ఇనప మెట్లు పట్టుకుని గోతిలోకి దిగింది. ఆయిల్ మరక పాదాలకు అంటింది. ఆయన ఎదురుగా నిలబడింది.

"అరెరె, నువ్వెందుకు దిగావమ్మా, బట్టలు పాడవుతాయి."

"మామయ్యా, మీకు వినపడట్లేదు."

"ఎందుకు వినపడదు? వినపడుతోందిగా."

"అయితే ఇందాక అత్తయ్య వచ్చి ఏమన్నారో చెప్పండి."

ఆయన చేతిలో పానా ఆగిపోయింది. ముఖంలో రంగు దిగిపోయింది. గొంతు తగ్గించి అన్నారు. "మగవాళ్ళ మాట బాగానే అందుతుంది. బొంగురు గొంతులు. ఆడవాళ్ళ గొంతు, పిట్టలు, ఫోను మోత, ఇవి పోయాయి. మొహం చూస్తుంటే పెదాలను బట్టి అల్లుకుంటా. అటు తిరిగితే ఏమీ లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు. మొన్న ఒకాయన బండి తెచ్చి, 'ఒక్కసారి విని చెప్పండి, మీరంటే మాకు గురి' అన్నాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి, బాగానే ఉందని చెప్పి పంపించా." ఆయన గుడ్డను పిండుతున్నారు. "నా చెవి పేరు చెప్పుకునే కదమ్మా ఇన్నాళ్ళూ తిన్నాం. అది పోయిందని ఎవరికి చెప్పుకోను?"

"అత్తయ్యకి చెప్పచ్చుగా!"

"తనే నాతో మాట్లాడటం మానేసింది. ఎప్పుడు చూసినా వీపు తిప్పుకుని పని చేసుకుంటుంది. నేనంటే విసుగొచ్చిందేమో అనుకున్నా."

కోడలికి నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. "ఇందాక ఆవిడ ఏమన్నారో నేను చెప్పను మామయ్యా. మీరే అడగండి. ఇప్పుడే."

"ముందు ఆయిల్ పొయ్యనీ" అన్నారు ఆయన, చిన్నపిల్లాడిలా కళ్ళు తప్పించి.

కొత్త ఆయిల్ తేనె రంగులో ఉంది. ఆమె పంపు కొడుతుంటే ఆయన గొట్టం పట్టుకున్నారు. పై రంధ్రం అంచు దాటి చుక్క జారగానే చెయ్యెత్తి ఆపారు. నట్టు బిగించారు. రెండుసార్లు బిగించారు. ఇంకోసారి బిగించబోతుంటే ఆమె పానా లాక్కుంది.

పదిన్నరకు పెట్టె కారెక్కింది, మామగారు మాత్రం ఇంకా అడగలేదు. స్టీరింగు దగ్గర తండ్రి, పక్కన కొడుకు, వెనక అత్తాకోడళ్ళు. అత్తగారు కిటికీ వైపే చూస్తున్నారు. వీధి దాటి, మార్కెట్ దాటి, కారు పెద్ద రోడ్డెక్కింది. వేగం పెరిగింది. కోడలు ఊపిరి బిగబట్టింది. అడుగు నుంచి సన్నగా, నిన్నటికంటే తగ్గినా, మూలుగు వచ్చింది.

"ఇంకా ఉంది నాన్నా" అన్నాడు కొడుకు.

"లేదురా."

"ఉంది! ఏమోయ్, నీకు వినపడట్లేదూ?"

"తగ్గింది. పూర్తిగా పోలేదు" అంది కోడలు. అంటూ ఎదురుగా చిన్న అద్దంలో మామగారి కళ్ళలోకి చూసింది. ఆయన ఆమె పెదాలు చదివారు.

"అమ్మా, నువ్వైనా చెప్పు ఈయనకి!"

"నేను చెప్తే పలికేదెవర్రా?" అన్నారు అత్తగారు కిటికీలోకి.

కారు నెమ్మదించింది. రోడ్డు పక్కన ఒక తాళం వేసిన కొట్టు ముందు ఆగింది. మామగారు ఇంజను కట్టేసి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి వెనక తలుపు తీశారు. అత్తగారి ఎదురుగా, నేల మీద గొంతుక్కూర్చున్నారు. ఆ మోకాళ్ళు పటపటమన్నాయి.

"ఏంటిది, రోడ్డు మీద!" అన్నారు ఆవిడ.

"ఇందాక గోతి దగ్గరకొచ్చి ఏదో అన్నావట. కోడలు చెప్పనంది. నా మొహం చూసి మళ్ళీ అను." ఆయన చెవిని వేలితో తాకి చూపించారు. "నాకు చెవులు పనిచెయ్యట్లేదు. రెండేళ్ళయింది. నీ గొంతే ముందు పోయింది. సిగ్గేసి చెప్పలేదు."

ముందు సీట్లో కొడుకు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "నాన్నా..." అన్నాడు.

అత్తగారు ఆయననే చూస్తూ ఉండిపోయారు. గోడతో మాట్లాడినట్టు గడిచిన రెండేళ్ళూ, జవాబు రాని "ఏమండీ"లూ, ఒక్కొక్కటీ ఆ ముఖంలో కదిలిపోవడం కోడలు చూసింది. తర్వాత ఆవిడ పెదాలు కదిలాయి. గొంతు బయటికి రాలేదు. కారులో ఉన్న ఎవరికీ ఏమీ వినిపించలేదు.

ఆయన ఆ పెదాలనే చూస్తూ అన్నారు. "వెళ్ళకు."

అంతే, ఆవిడ బావురుమన్నారు. రెండు చేతులతో ఆయన భుజాలు పట్టుకుని కుదిపేస్తూ ఏడ్చారు, తిట్టారు. "రెండేళ్ళా! రెండేళ్ళు నన్ను పిచ్చిదాన్ని చేశారా? నేనేం పాపం చేశానని? ఇంట్లో పెళ్ళానికి చెప్పుకోడానికి సిగ్గా మీకు? ఏం మనిషండీ మీరు, ఎవరైనా..."

దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. కోడలు వాళ్ళను చూడలేదు. ఆమె ముందు సీటు మీదుగా చెయ్యి చాచి, తడిగా ఉన్న భర్త బుగ్గను తుడుస్తోంది.

మామగారు భార్య గడ్డం పట్టుకుని, ఆ ముఖాన్ని మెల్లగా వెలుతురు వైపు తిప్పుకున్నారు.

"కాస్త నెమ్మదిగా తిట్టు" అన్నారు. "ఒక్కటీ పోకూడదు."