సౌడునీళ్ళలో తేలిన నీలం

"మా బాపు నోరేమన్న గోడనా సారూ, మూడోసారి గీకనీకె?"

ఆ మాట అన్నది సుభద్ర. మాట పడ్డవాడు ఐలేశం, భువనగిరిలో డాక్టర్ మెహమూద్ గారి దవాఖానలో కొత్తగా చేరిన ల్యాబ్ టెక్నీషియన్. హైదరాబాదులో రెండేళ్ళు చదువు వెలగబెట్టి, ఇస్త్రీ మడత నలగని తెల్లకోటుతో దిగాడు. ఆ కోటు పరువంతా ఒక్క మాటతో గంగలో కలిసింది. ఎదురు చెబుదామని తలెత్తాడు గానీ, ఆమె కళ్ళలో కోపం కంటే భయమే ఎక్కువ కనిపించేసరికి కొత్త గాజుపలక తీసి తుడవసాగాడు.

సుభద్ర తండ్రి సిద్దిరాములు నూలుకు రంగులు పట్టించే మనిషి. ముప్పై ఏళ్ళుగా దవడన పొగాకు పెట్టుకునే అలవాటు. ఇప్పుడా దవడలో తెల్లమచ్చ లేచింది. దాన్ని చెక్కపుల్లతో గీకి, వచ్చిన కణాలను గాజుపలక మీద పూసి, రంగులు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే మంచో చెడో తెలుస్తుంది. కణం నడుమనున్న బొట్టు నీలంగా తేలాలి. ఐలేశం చేతిలో మాత్రం రెండుసార్లూ ఎర్రగా, మసకగా వచ్చింది.

ఈసారి కూడా తేలకపోతే హైదరాబాదు పంపి పరీక్షకు దవడలో ముక్క కోయించక తప్పదన్నారు డాక్టరు. కత్తి మాట వినగానే సిద్దిరాములు అన్నం మానేశాడు. తన కళ్ళముందే బిడ్డ పెళ్ళి అయిపోవాలని, దొరికినవాడికిచ్చి ముడిపెడతానని ఒకటే తొందర. సుభద్ర వద్దంటే వినడు.

మూడోసారి గీకడం అయింది. తండ్రిని వరండాలో కూర్చోబెట్టి సుభద్ర గది గుమ్మంలోనే నిలబడింది. అది ఏం రంగు, ఎంతసేపు ఉంచాలి, ఎందుకు తీస్తున్నావని ప్రశ్న మీద ప్రశ్న. బయట జోరువాన, లోపల ఐలేశానికి చెమటలు. మొదటి రంగు ఒక చెట్టు చెక్క నుంచి తీసిందని కాస్త గొప్పగానే చెప్పాడు. దాని ఇంగ్లీషు పేరు కూడా చెప్పాడు. ఆమె పేరును పట్టించుకోలేదు.

"చెక్క రంగా? దేంతోని కడుగుతున్నవ్?"

"వాననీళ్ళతోని. వడగట్టి పెట్టిన. వీటికన్న సాఫ్ నీళ్ళు యాడ దొరుకుతయి?"

సుభద్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

"గందుకే ఎర్రగ సస్తాంది. మేం నూలుకేసే పతంగి చెక్క రంగు గూడ గంతే. సౌడునీళ్ళు తాకితేనే రంగు మారుతది. నువ్వు సాలోళ్ళ పిలగానివేనా?"

ఐలేశం చెవులు ఎర్రబడ్డాయి. ఆలేరులో మగ్గం చప్పుడు మధ్యనే పుట్టినా, తాను ఏనాడూ రంగుగోలెం దగ్గరికి పోలేదు. పట్నంలో కుళాయి కింద పెడితే నీలం తేలేది, ఎందుకో అడగలేదు. ఇక్కడ దవాఖాన వెనక, చవిటినేల క్షారమూరిన సౌడునీళ్ళ బావి ఉంది. గాజు మీద తెల్లమరకలు పడతాయని ఆ నీళ్ళు ముట్టుకోలేదు.

అతను గొడుగు వెతికేలోపే సుభద్ర వానలో పోయి చెంబుడు నీళ్ళు తెచ్చింది. పలకను అందులో ముంచి ఇద్దరూ తలలు ఆనించినంత దగ్గరగా వంగి చూశారు. ఎరుపు మెల్లగా విరిగి నీలమైంది. ఐలేశం చూపు పలక మీదే ఉందంటే అబద్ధమే అవుతుంది.

మిగిలిన రంగులు వేశాక డాక్టరు చాలాసేపు చూశారు. చెడ్డ కణాలేవీ లేవని, పొగాకు మానేసి నెలనెలా వచ్చి చూపించుకోవాలని చెప్పారు. సిద్దిరాములు ఐలేశం చేతులు పట్టుకుని ఏడ్చాడు, తన పానం నిలబెట్టావని.

"నాకు గాదు పెద్దయ్యా, నీ బిడ్డకు చెప్పు. ఆమె లేకుంటే నిన్ను కత్తి కిందికి తోలుదును. బతికున్నన్ని దినాలు గీ మేలు మర్వ."

ఐలేశం రిపోర్టు రాసి ఆమెకే ఇచ్చాడు. ఆమె చివరిదాకా చదివి అక్కడే ఆగిపోయింది. కింద ఏం రాశాడని అడిగాడు చదువురాని తండ్రి.

"పరీక్ష చేసినోళ్ళ పేర్లు."

"ఎవరియి?"

"ఐలేశం," అని గొంతు తగ్గించి, "సుభద్ర," అంది.

సిద్దిరాములు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తల వంచుకుని పెన్ను మూత వెతుకుతున్నాడు ఐలేశం. మూత అతని చేతిలోనే ఉంది.

"నాకేం గాలే గద బిడ్డా. ఇగ నీ లగ్గానికి తొందర లేదు తియ్యి. నిమ్మలంగ చూద్దాం."

సుభద్ర రిపోర్టును మడిచి కొంగున ముడేసుకుంది.

"జర తొందర పడితే ఏమాయె బాపూ," అంది.