ఫిక్స్ అంటే హిందీలో ఏంటండీ?

"నవ్వింది మీరేనాండీ?"

రావులపాలెం సెంటర్లోని ఎస్టీడీ బూత్ తలుపు తోసుకుని బయటికి వచ్చిన గణేష్‌బాబు మొహం కందగడ్డలా ఉంది. బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న అమ్మాయి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనేనండి. సారీ. ఆపుకోలేకపోయాను."

"రాంచీ పార్టీ ఫోన్ పెట్టేశాడు. అక్కడ మార్కెట్లో అరటి లారీ రెడీగా ఉంది. మీకు నవ్వెలా వస్తుందండీ?"

"పెట్టేయక ఏం చేస్తారండీ? రేటంతా మాట్లాడుకుని చివర్లో 'భావ్ ఠీక్ కరో' అన్నారు."

"అవును. రేటు ఫిక్స్ చెయ్యమన్నాను. ఫిక్స్ అంటే ఠీక్ కర్నా అని డిక్షనరీలోనే ఉంది."

"అది ఫ్యాను పాడైతే ఫిక్స్ చెయ్యడం. మీ రేటు తప్పు, సరిచేసుకో అన్నట్టయింది ఆయనకి. రేటయితే 'తయ్ కర్నా' అనాలండి."

గణేష్‌బాబుకి కోపం దిగిపోయి కంగారు పట్టుకుంది. "ఆ మాటేదో మీరే చెప్పి పెట్టరా? గెలలు ఎండలో ఉన్నాయండి."

ఆమె లోపలికి వెళ్లింది. గాజు తలుపు వెనకనుంచి ఆమె పెదాలు కదలడం, చెయ్యి తిప్పుతూ ఏదో సర్దిచెప్పడం చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి అవతలి మనిషి నవ్వు రిసీవర్లోంచి బయటికి కూడా వినిపించింది. లారీ ఆ సాయంత్రమే బయల్దేరింది.

ఆమె పేరు దుర్గాశ్రీ. ఊరు కొవ్వూరు. ఇక్కడ ఒక కాన్వెంటులో హిందీ టీచరు, పిన్ని రత్నమాణిక్యం ఇంట్లో ఉంటోంది. గణేష్‌బాబు తండ్రి బుల్లబ్బాయికి మార్కెట్లో అరటి కొట్టు ఉంది. అంతకుముందు హిందీ పార్టీలతో మాట్లాడిన గుమాస్తా మానేశాక ఆ పని గణేష్‌బాబు నెత్తిన పడింది. జరిగింది విని బుల్లబ్బాయి, "ఆ టీచరుగారి దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకో. లేకపోతే ఉన్న పార్టీలు కూడా పారిపోతారు" అన్నాడు.

అలా సాయంత్రాలు రత్నమాణిక్యంగారి అరుగు మీద పాఠాలు మొదలయ్యాయి.

"ముందు ఫిక్స్ సంగతి తేల్చండి" అన్నాడు గణేష్‌బాబు.

"గోడకి బల్బు ఫిక్స్ చేస్తే?"

"ఠీక్ కర్నా."

"కాదు. లగానా. లారీ ఆగిపోతే ఫిక్స్ చెయ్యడం ఠీక్ కర్నా. రేటు, ముహూర్తం ఫిక్స్ చేస్తే తయ్ కర్నా. ఇచ్చిన మాట ఖాయం అయితే పక్కా."

"ఇంగ్లీషువాడు ఒక్క మాటతో సరిపెట్టుకున్నాడు కదండీ. హిందీవాళ్లకేం తొందర లేదా?"

"మీకున్న తొందర ఎవరికీ ఉండదు లెండి. అసలు మీరు పాఠం వింటున్నారా, నా చెవి జూకాలు చూస్తున్నారా?"

"రెండూనండి."

దుర్గాశ్రీ కళ్లు పెద్దవి చేసింది కానీ పాఠం ఆపలేదు. ఆ తర్వాత ఆమె స్కూలు నుంచి వచ్చాక మొహం కడుక్కుని పూలు పెట్టుకోవడం రత్నమాణిక్యం గమనించింది. గమనించి ఊరుకుంది.

జూలైలో ఆ రాంచీ పార్టీ గుప్తాగారు భార్యతో సహా మార్కెట్ చూడ్డానికి వచ్చారు. గుప్తాగారి భార్యకి హిందీ తప్ప ఏదీ రాదని బుల్లబ్బాయి దుర్గాశ్రీని కూడా రమ్మన్నాడు. గెలల వరసల మధ్య ఆమె నడుస్తూ, ఇది చక్కెరకేళి, ఇది కర్పూరం అని చెబుతుంటే గణేష్‌బాబు వెనకే గొడుగు పట్టుకు తిరిగాడు. గొడుగు గుప్తాగారి మీద కంటే ఆమె మీదే ఎక్కువ ఉంది.

సంవత్సరం పాటు సరుకు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. గుప్తాగారు సంతోషంగా గణేష్‌బాబు వైపూ దుర్గాశ్రీ వైపూ చూసి అడిగారు.

"తో బాత్ పక్కీ?"

పక్కా మొదటి పాఠంలోనే నేర్చుకున్న మాట. గణేష్‌బాబు ఛాతీ విరుచుకుని, "పక్కీ జీ! బిల్కుల్ పక్కీ!" అన్నాడు.

గుప్తాగారి భార్య వెంటనే సంచిలోంచి స్వీట్ల పెట్టె తీసి దుర్గాశ్రీ చేతిలో పెట్టి, చెంపలు నిమిరి దీవించింది. చుట్టూ ఉన్న హమాలీలు చప్పట్లు కొట్టారు. దుర్గాశ్రీ మొహం ముందు ఎర్రబడింది. తర్వాత గణేష్‌బాబు అమాయకంగా నవ్వుతూ ఉండడం చూసి వాడిపోయింది.

వాళ్లు కారెక్కగానే అడిగింది. "మీరేమన్నారో మీకు తెలుసా?"

"ఒప్పందం ఖాయం అన్నాను. తప్పాండీ?"

"ఆయన అడిగింది మన పెళ్లి సంగతి. వాళ్లలో బాత్ పక్కీ అంటే సంబంధం ఖాయమైనట్టే."

పెట్టె అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది. మర్నాటికి మార్కెట్ అంతా అదే కబురు. రత్నమాణిక్యం గుమ్మంలోనే చెప్పేసింది. "పిల్ల కొన్నాళ్లు పాఠం చెప్పదు బాబూ. వాళ్ల నాన్నకి ఏమని చెప్పుకోవాలి నేను?"

గణేష్‌బాబుకి అన్నం సయించలేదు. గుప్తాగారు రాజమండ్రి లాడ్జిలో ఉన్నారని తెలిసి ఫోన్ చేశాడు. పక్కన ఎవరి సాయమూ లేకుండా, తడబడుతూనే హిందీలో తన పొరపాటంతా చెప్పాడు. ఆయన నవ్వలేదు. నెమ్మదిగా రెండు ప్రశ్నలు అడిగారు. అతను నిజమే చెప్పాడు.

ఆ సాయంత్రం రత్నమాణిక్యంగారి పెరట్లో దుర్గాశ్రీ దండెం మీద బట్టలు తీస్తోంది. వాన మొదలైంది. గణేష్‌బాబు వెళ్లి చేతులు చాచాడు. ఆమె ఒక్కో బట్టా అతని చేతుల్లో పడేసింది.

"గుప్తాగారికి ఫోన్ చేసి పక్కీ కాలేదని చెప్పేశానండి."

ఆమె చెయ్యి ఆగింది. "చెప్పేశారా?"

"మీకు చెడ్డపేరు రాకూడదు కదండీ."

"మంచిదే." తువ్వాలు గుంజిన గుంజుడుకి క్లిప్పు ఎగిరి ఎక్కడో పడింది.

"ఆయన ఆ పిల్లంటే నీకిష్టమేనా అని అడిగారు. చాలా ఇష్టం అన్నాను. మరి ఆ పిల్లని అడిగావా అన్నారు. లేదన్నాను. గధా అన్నారు. గధా అంటే ఏంటండీ?"

"గాడిద."

"అనుకున్నాను." బట్టల గుట్ట గడ్డం దాకా వచ్చింది. దాని మీదుగానే అన్నాడు. "మళ్లీ తప్పు రాకుండా తెలుగులోనే అడుగుతానండి. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

దుర్గాశ్రీ వానలోనే నిలబడింది. "ఆ రోజు నాకు కోపం ఎందుకొచ్చిందనుకున్నారు? మీరు పక్కీ అనగానే తెలిసే అన్నారనుకుని ఒక్క క్షణం ఎంత సంతోషపడ్డానో. మీ మొహం చూస్తే ఏమీ తెలియనట్టుంది."

"ఇప్పుడు తెలిసే అడుగుతున్నానండి."

"నాకూ ఇష్టమేనండి. కానీ మా నాన్నగారు ఒప్పుకోవాలి. ముందు లోపలికి నడవండి, బట్టలన్నీ తడిసిపోతున్నాయి."

ఆదివారం బుల్లబ్బాయి కొడుకుని తీసుకుని కొవ్వూరు వెళ్లాడు. దుర్గాశ్రీ ముందురోజే ఇంటికి చేరింది. దుర్గాశ్రీ తండ్రి వెంకన్న మాటలు తక్కువ మనిషి. మర్యాదలన్నీ చేశాక, గణేష్‌బాబుని ఒక్కణ్ణీ గోదావరి గట్టు మీదికి తీసుకెళ్లాడు. వరద నీరు ఎర్రగా పోతోంది. దాన్నే చూస్తూ అడిగాడు.

"మా అమ్మాయి హిందీ పండిట్ ట్రైనింగు చెయ్యాలనుకుంటోంది. గవర్నమెంటు స్కూల్లో పని చెయ్యాలని దాని కోరిక. పెళ్లయ్యాక మానిపిస్తారా?"

"అయ్యో, లేదండి. ఆవిడ నాకు ముందే చెప్పారు. ఎక్కడ ట్రైనింగొస్తే అక్కడికి నేనే తీసుకెళ్లి దింపుతాను. మా నాన్నకీ చెప్పేశానండి. ఆయన సరే అన్నాకే మీ ఊరు వచ్చాం."

వెంకన్న తలతిప్పి అతన్ని నిదానంగా చూశాడు. భుజం మీద చెయ్యి వేసి ఇంటివైపు నడిపించాడు. గుమ్మం దాటకుండానే భార్యని కేకేశాడు.

"మహాలక్ష్మీ, అల్లుడుగారికి వడ్డించు!"

తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. తర్వాత దుర్గాశ్రీ, ఎవరూ పిలవకుండానే, మంచినీళ్ల గ్లాసుతో ఇవతలికి వచ్చింది.