వెనక సీటుకి సవరణలు

స్లొవేనియా కొండల్లో వాన మొదలయ్యేసరికి తన్మయ్ తలపట్టీ తీసి, కాఫీ కోసం కాకినాడకి తిరిగొచ్చాడు. వంటింట్లో భార్య నిహారిక గ్లాసు అందించింది.

"ఆ ఘాట్ రోడ్డు బాగాలేదు. ఇటలీ నుంచి సముద్రం పక్కగా వెళ్తే నయం," అన్నాడు.

"ఎన్నోసారి బావా ఇది?"

"మంచి దారి దొరకొద్దూ మరి!"

ఆ కాలంలో ముందునడక లేకుండా ఎవరూ గడప దాటేవారు కాదు. పెళ్లికైనా, ఇల్లు కొనడానికైనా, ఆఖరికి అత్తగారితో ఒక మాట అనడానికైనా సరే, తలపట్టీ పెట్టుకుని ఆ పని మనసులో పూర్తిగా చేసి చూసుకోవలసిందే. యంత్రానికి ఇంటిల్లిపాది అలవాట్లూ తెలుసు గనక, తోడు వచ్చేవాళ్లను కూడా ఉన్నది ఉన్నట్టు పక్కన కూర్చోబెట్టేది. ఎక్కడ చికాకు ఎదురైతే అక్కడ సవరణ చేసి మళ్లీ నడిపించేది. మలుపులు మరిచిపోకూడదని, ఆ జ్ఞాపకాన్ని ఒక్క నడకకే అసలు జ్ఞాపకం కంటే గట్టిగా తలలో నాటేది. అంతా నచ్చాక 'ఖాయం' మీట నొక్కితే కార్లూ గదులూ వాటంతటవే కుదిరిపోయేవి, యంత్రంలో ముందునడక చెరిగిపోయేది. తలలో నాటినదాన్ని ఎలా చెరపాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. ఎంత ముందుచూపో!

లిస్బన్ నుంచి జాగ్రెబ్ దాకా కారులో తిరగాలన్నది కూతురు ఉదిత కోరిక. పదిహేడేళ్ల పిల్ల. టిక్కెట్లు తీయకముందే జ్వరమొచ్చి చనిపోయింది. ఏడాది తిరిగేదాకా దూరప్రయాణాలు కూడవని పెద్దవాళ్లు అన్నారు. ప్రయాణం కూడదు గానీ ముందునడకకి అడ్డేముంది అని తన్మయ్ దార్లు వెతకడం మొదలెట్టాడు. ఇంట్లో ఏడవడానికి కూడా ఓపిక లేని రోజులవి. ఏదో ఒకటి చేసుకోనీలే అనుకుంది నిహారిక.

ఇప్పుడు ఆ ఏడాది తిరిగిపోయింది. అతను మాత్రం అన్నానికీ కాఫీకీ తప్ప ఆ గదిలోంచి రావడం లేదు. ఖాయం చేయించి, నిజంగా ప్రయాణం కట్టిస్తే తప్ప ఈ మనిషి తనకి మిగలడని ఆమెకి భయం పట్టుకుంది.

"ఇవాళ నేనూ వస్తాను. చూసి ఖాయం చేసేద్దాం," అంది.

"నువ్వెందుకులే. తల తిరుగుతుంది."

"తిరగనీ."

పట్టీ పెట్టుకోగానే స్పెయిన్. రోడ్డుకి రెండు పక్కలా పొద్దుతిరుగుడు చేలు. తన్మయ్ ఎడమ సీట్లో కూర్చుని కుడి పక్కగా నడుపుతున్నాడు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అలాగే నడిపినట్టు. నిహారిక బెల్టు సరిచేసుకుంటోంది.

"నీళ్లు కావాలా అమ్మా?" అని వెనకనుంచి వినిపించింది.

ఆమె తిరగలేదు. కాసేపయ్యాక అద్దంలో చూసింది. ఉదితే. నున్నగా దువ్విన జడ, ఒళ్లో చేతులు. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. గుండె మీద చెయ్యి పెట్టి చూసుకుంది. మామూలుగానే కొట్టుకుంటోంది.

"పేరు తీయించలేదా?" అంది మెల్లగా.

"కుటుంబం జాబితాలో ముగ్గురం ఉన్నాంగా. అదే కూర్చోబెట్టింది. నేనేం అడగలేదు." తప్పు చేసి దొరికిపోయినవాడిలా ఉంది గొంతు.

ఫ్రాన్స్ వచ్చింది. సొరంగాలు దాటాక ఇటలీ వచ్చింది. ఉదిత కిటికీ తెరవమనలేదు, ఆపమనలేదు, పాట మార్చమనలేదు. నిహారికే ఉండబట్టలేక, "ఆకలేస్తోందా తల్లీ?" అని అడిగింది.

"మీరెప్పుడు తింటే అప్పుడే అమ్మా."

నిహారిక పట్టీ పీకేసింది. గదిలో తన్మయ్ కూడా కళ్లు తెరిచాడు.

"ఎవరు బావా ఆ పిల్ల?"

"అదేం మాట! మన ఉదిత."

"ఉదితకి కారెక్కితే వాంతులు."

"పాపం అవస్థ పడుతోందని అది సవరించాను."

"కిటికీ కోసం నీతో పోట్లాడదేం?"

"డ్రైవింగ్‌కి ఇబ్బంది, తీసెయ్యమంటారా అని యంత్రమే అడిగింది. సరే అన్నాను."

"మరి అలగడం?"

"అలిగేదా?" అన్నాడు.

అబద్ధమాడటం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఏడాదిగా ఆ మెత్తని పిల్లతో తిరిగి తిరిగి, కన్నపిల్లని మరిచిపోయాడు. నిహారికకి కోపం రావాలి. ఆ కోపం కూడా ఎక్కడో ఆగిపోయింది.

"నొక్కేద్దాం బావా. ఆ పిల్ల మనకొద్దు."

అతను మీట మీద వేలు పెట్టాడు. "నొక్కితే ఈ పిల్లా పోతుంది. అసలు పిల్ల నాకు గుర్తు లేదు. నాకేం మిగుల్తుందే? నువ్వు చెప్పు. ఎలా ఉండేదో చెప్తే నొక్కుతాను."

"చెప్తా. ఎందుకు చెప్పను?" ఆమె అతని పక్కకి జరిగి కూర్చుంది. "అరకు వెళ్లాం. దుమ్మొస్తోందని నువ్వు అద్దం ఎత్తేశావు. ఊపిరాడట్లేదని కారు అదిరిపోయేలా అరిచింది. నీ కొత్త చొక్కా మీద కక్కేసింది."

"అమ్మో!" తన్మయ్ నవ్వాడు. ఏడాదిలో అతను నవ్వడం ఇదే మొదలు. "ఊఁ, తర్వాత?"

"తర్వాత నువ్వు కసిరావు. కారు దిగిపోయి కల్వర్టు గోడ మీద కూర్చుంది. రమ్మంటే రాదే! నేను వెళ్లి పిలిచాను. నావైపు తిరిగి..."

నిహారిక ఆగింది. ఆ రోజు ఉదిత తనని ఏదో అంది. నవ్వొచ్చే మాట, చుట్టాలందరికీ చెప్పుకున్న మాట. కళ్లు మూసుకుని ఆ గోడ దగ్గరికి వెళ్లింది. గోడ మీద పిల్ల ఆమె వైపు తిరిగింది. నున్నగా దువ్విన జడ, ఒళ్లో చేతులు. మళ్లీ మొదట్నుంచి తలుచుకుంది. ఈసారి చొక్కా మీద మరక కూడా లేదు.

"నీవైపు తిరిగి?" అన్నాడు తన్మయ్, వేలు మీట మీదే ఉంచి.

అతని కళ్లలో ఆశ చూసి నిహారిక ఏదో ఒకటి అల్లి చెబుదామనుకుంది. అల్లడానికైనా ఆ గొంతు గుర్తుండాలి కదా.

"నావైపు తిరిగి... సరే అమ్మా అంది. కారెక్కి బుద్ధిగా కూర్చుంది."

"అవును, అలాగే కూర్చుంటుంది," అని తన్మయ్ మీట మీంచి వేలు తీసేశాడు.