అడ్రస్ మార్చుకున్న పేరు

"నీ చెల్లెలు ఇవాళ మధ్యాహ్నం చస్తుంది," అన్నాడు చీఫ్. ఓదార్చడం ఆయన డ్యూటీలో లేదు.

డేగ అనే ఆ ఏజెంట్ పళ్లు కొరికాడు. చెల్లెలు కూడా ఏజెంటే. విదేశీ ముఠాలో చేరి, రోజూ పన్నెండింటికి అక్కడి నెట్ సెంటర్ నుంచి ఓ పూలకుండీల వెబ్‌సైట్ ద్వారా రిపోర్టు పంపుతుంది.

"సైట్ తెరవాలంటే కంప్యూటర్‌కి కావాల్సింది పేరు కాదు, నంబరు. మన సైట్ పేరు అడిగితే తప్పుడు నంబరు చెప్పేలా రికార్డు మార్చేశారు. రిపోర్టు నేరుగా ముఠా మెషీన్‌కే పోతుంది."

"చెల్లిని ఆపండి!"

"ఎలా? ఫోన్ లేదు. సైట్ తెరుచుకోకపోతే పంపదు. తెరుచుకుంటే పంపేస్తుంది."

"మార్చిందెవరు?"

"పేరు రిజిస్టర్ చేసిన కంపెనీ డైరెక్టర్. మన మనిషే అనుకుని నెత్తిన పెట్టుకున్నాం."

ఏసీ మెకానిక్ వేషంలో డేగ ఆ డైరెక్టరమ్మ గదిలోకి అడుగుపెట్టాడు. ఎర్ర లిప్‌స్టిక్, ఖరీదైన సెంటు, డ్రాయర్‌లో పిస్టల్. ఆమె చెయ్యి డ్రాయర్ చేరేలోపే డేగ భుజానున్న ఏసీ గ్యాస్ సిలిండర్ ట్యూబు విప్పాడు. చల్లటి గ్యాస్ మొహాన కొట్టింది. పిస్టల్ అతని జేబులోకి మారింది.

"పాస్‌వర్డ్."

వెంటనే చెప్పేసింది. డేగ రికార్డు తెరిచి, దొంగ నంబరు కొట్టేసి అసలుది పెట్టాడు. హమ్మయ్య!

ఆమె పకపకా నవ్వింది. "మార్చుకో నాయనా, కడుపునిండా మార్చుకో! పొద్దున్నే మావాళ్లు అక్కడి నెట్ సెంటర్‌లో ఆ సైట్ తెరిచారు. అక్కడి నెట్‌వర్క్ మా నంబరే గుర్తుపెట్టుకుంది. సాయంత్రం దాకా నిన్ను మళ్లీ అడగదు."

డేగ గడియారం చూశాడు. పన్నెండుకి నిమిషం కూడా లేదు. ఇక అక్కడి జ్ఞాపకాన్ని చెరపలేడు. కానీ ఆ దొంగ నంబరు? స్క్రీన్ మీద పాత మార్పుల జాబితా తెరిచి చూశాడు. పక్కనే రాసి ఉంది: అది ఈ కంపెనీ సర్వర్ రూమ్ నంబరే. మెషీన్ ఈ బిల్డింగ్‌లోనే ఉంది!

ఒక్క ఉదుటున సర్వర్ రూమ్ దగ్గరికి పరుగెత్తాడు. లోపల అన్నీ ఒకేలాంటి మెషీన్లు. వెతికే టైమ్ లేదు. గుమ్మం పక్కనున్న మెయిన్ స్విచ్ పట్టుకున్నాడు.

"ఒరేయ్ దరిద్రుడా!" వెనకే వచ్చి కేక పెట్టిందామె. "అందులో వందల కంపెనీల సైట్లున్నాయిరా!"

"నాకున్నది ఒక్క చెల్లెలే."

స్విచ్ కిందికి లాగాడు. గదంతా చప్పుడు ఆగిపోయింది. గోడ గడియారం పన్నెండు కొట్టింది.

సాయంత్రం అసలు మెషీన్‌కి రిపోర్టు వచ్చింది. చివర్లో నాలుగు ముక్కలు: 'మధ్యాహ్నం మీ దిక్కుమాలిన సైట్ తెరుచుకోలేదు. ఎండలో రెండుసార్లు నెట్ సెంటర్‌కి తిరిగాను. అన్నయ్య ఏం వెలగబెడుతున్నాడో కాస్త కనుక్కోండి.'

డేగ కళ్లు తుడుచుకున్నాడు.

"ఏం జవాబివ్వమంటావ్?" అడిగాడు చీఫ్.

"ఏసీ రిపేరుకి వెళ్లాడని చెప్పండి సార్."