తలుపు మీది గీతలు

గల్ఫ్‌లో, నజ్మా పేటలోని డిటెక్టివ్ రత్నకుమార్ ఆఫీసుకు వచ్చిన ఆంజనమ్మ కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బిడ్డకు నేను విషం పెట్టినానంట సార్. ఆదివారం ఊరికి పంపించేస్తారంట. పోలీసులకూ చెప్తారంట."

అసిస్టెంట్ ఫెబి నోట్‌బుక్ తెరిచింది.

ఆంజనమ్మది కడప జిల్లా. అల్ రయ్యాన్‌లో ఎవాంజెలిన్ ఇంట్లో రెండేళ్లుగా పనిచేస్తోంది. ఎవాంజెలిన్‌ది అమలాపురం. ఆమె కొడుకు జెర్రీకి మూడేళ్లు. మార్చిలో వాడి రక్తంలో సీసం బయటపడితే మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ఆ రోజుల్లోనే మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇంటి గోడలు, తలుపులు పరీక్షించి, రంగుల్లో సీసం లేదని రాశాడు. తర్వాత ఆంజనమ్మ పెట్టెలో కాటుక డబ్బా దొరికింది; కొన్ని కాటుకల్లో సీసం ఉంటుందని అనుమానం ఆమె మీద పడింది.

"దాచావెందుకు?" అన్నాడు రత్నకుమార్.

"మేడమ్ వాళ్లు చర్చికి పోయేటోళ్లు సార్. దిష్టిచుక్క అంటే ఒప్పుకోరు. అరికాల్లో పెట్టేదాన్ని."

"ఎక్కడ కొన్నావు?"

"కొనలేదు. ఆముదం దీపం పెట్టి నేనే పట్టినా."

మర్నాడు రత్నకుమార్, ఫెబి ఆ ఇంటికి వెళ్లారు. ఒకే విల్లాను అడ్డుగోడలతో నాలుగు వాటాలు చేశారు. అద్దెలు చూసే హైదరాబాదీ కామ్రాన్ గుమ్మంలో ఎదురొచ్చాడు.

"కాగితాలన్నీ క్లీన్ సాబ్. ఇన్‌స్పెక్టర్‌కు తాళం తీసింది నేనే. వీళ్లంతా ఆస్పత్రిలో ఉండిరి."

జెర్రీ గది తలుపు నేలకు రాసుకుంటూ తెరుచుకుంది. కింద టైల్ మీద సన్నటి పొడి ఉంది. తలుపు మీద పెన్సిల్ గీతలు, పక్కన తేదీలు: డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి.

"జెర్రీ ఎత్తు కొలతలండి. గీత ఆంజనమ్మ గీస్తుంది, తేదీ నేను వేస్తాను," అంది ఎవాంజెలిన్.

తలుపు బందుల స్క్రూలు కొత్తగా మెరుస్తున్నాయని ఫెబి రాసుకుంది. అందులో ఏముందో ఆమెకు తోచలేదు. రత్నకుమార్ కాటుక డబ్బాను ల్యాబ్‌కు పంపి, ఇన్‌స్పెక్టర్ నివేదిక నకలు తెప్పించాడు.

శనివారం సాయంత్రం అందరినీ ఆ గది ముందుకు పిలిచాడు. జెర్రీని పక్క వాటాలో ఉంచారు.

"కాటుకలో సీసం లేదు." ల్యాబ్ కాగితం ఎవాంజెలిన్ చేతికిచ్చాడు. "ప్రతి తలుపుకూ ఫొటో తీయాలని తనిఖీ నియమం. నివేదికలోని ఈ ఫొటో ఈ గదిది, మార్చి పదిన తీసింది. గీతలు ఎక్కడున్నాయో చూపించండి."

ఆమె చాలాసేపు చూసింది. "లేవండీ. కానీ డిసెంబర్ తేదీ నేనే వేశాను కదా!"

"డిసెంబర్‌లో ఉన్నాయి, ఇవాళా ఉన్నాయి. పదో తేదీన లేవు. ఆ రోజు ఇక్కడ ఇంకో తలుపు ఉంది. బందులు విప్పి బిగించారు కాబట్టే స్క్రూలు కొత్తవి. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు తాళం ఎవరి దగ్గర ఉంది, కామ్రాన్?"

"క్యా సాబ్, తలుపులు మార్చుడు నా పనా?"

రత్నకుమార్ పరీక్ష పుల్లను తడిపి, తలుపు అరిగిన అంచుకు అద్దాడు. పుల్ల కొస ఎర్రబడింది.

"సీసం ఉంటే ఇలా ఎర్రబడుతుంది. తలుపు నేలకు రాసుకున్నప్పుడల్లా ఈ రంగు పొడి అయి రాలుతోంది. వాడు ఆడుకునేది ఇక్కడే."

కామ్రాన్ గోడకు ఆనుకున్నాడు. "పాత ఇల్లు కూల్చినప్పుడు తెచ్చిన సాబ్. మంచి టేకు. పైన కొత్త రంగు కొట్టించిన. లోపలి రంగుల సీసం ఉందని నాకెట్ల తెలుస్తది?"

"తెలియకపోతే మార్చేవాడివి కాదు. మళ్లీ దీన్నే ఎందుకు పెట్టావు?"

"ఆ రోజు పెట్టింది పక్క వాటా తలుపు సాబ్. వాళ్లది వాళ్లకు పెట్టాలె గదా."

రత్నకుమార్ ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేశాడు.

ఎవాంజెలిన్ ఆంజనమ్మ వైపు తిరిగింది. "నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదు. నన్ను..."

ఆంజనమ్మ తలుపునే చూస్తోంది. "నెలనెలా బిడ్డను దీనికే ఆనించి నిలబెట్టినా మేడమ్. నా చేతుల్తోనే."

తలుపు సాక్ష్యం కింద తీసుకుపోతారని ఫెబి చెప్పింది. ఆంజనమ్మ లోపలికి వెళ్లి దారపు ఉండ తెచ్చింది. తలుపుకు తగలకుండా దారాన్ని నేల నుంచి పైకి పట్టి, ఒక్కో గీత ఎదుట ఒక్కో ముడి వేసుకుంది.